అన్ని జబ్బులూ చూసే డాక్టరుకు ఒక పత్రిక

(తెనాలిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



పెద్ద డాక్టరుగారంటే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో వేరే పేరు చెప్పనక్కర్లేదు. ఆయన హస్తవాసి గురించి చెప్పడానికి నాకంటే మీలో చాలామందికి ఎక్కువ అర్హత ఉంది. నేను ఆయన దగ్గర గమనించింది వేరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక కాసేపు నడుం వాల్చడం మన వృత్తిలో అందరికీ అలవాటు. ఆయన ఆ కాసేపూ జర్నల్ చదివేవారు. గుండె, కాన్పు, కన్ను, చర్మం, పసిపిల్లలు, అంటువ్యాధులు అన్నీ ఒకే అట్టల మధ్య ఉండే జనరల్ మెడికల్ జర్నల్. ప్రాక్టీసులో తలమునకలై ఉన్న డాక్టరుకు అటువంటి పత్రిక ఏమిస్తుందన్నదే ఇవాళ నా విషయం.

ఈ రోజుల్లో అలాంటి పత్రిక ఎందుకు అనేవారున్నారు. గుండె డాక్టరుకు గుండె జర్నల్ ఉంది, కిడ్నీ డాక్టరుకు కిడ్నీ జర్నల్ ఉంది, మిగతావాళ్లకు సెల్‌ఫోను ఉందంటారు. గుంటూరులోనో విజయవాడలోనో ఒకే అవయవం చూస్తూ కూర్చునే వీలున్నవారికి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. రేపల్లెలో చెల్లదు. అక్కడ ఒక పూట ఓపీ చూడండి. నిజాంపట్నం నుంచి వచ్చిన మత్స్యకారుడికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే మనిషికి షుగరు, కాలికి మానని పుండు. ఐదు రోజులుగా జ్వరం తగ్గని పిల్ల. చంకలోనో గజ్జల్లోనో నల్లగా మాడినట్టున్న చిన్న మచ్చ వెతికి పట్టుకుంటే అది స్క్రబ్ టైఫస్, వెతకకపోతే ఊరికే 'వైరల్'. ఏళ్ల తరబడి బోదకాలుతో నడుస్తున్న ముసలమ్మ. ఎనిమిదో నెల గర్భిణికి బీపీ. ఇంతమందికీ గదిలో డాక్టరు ఒక్కరే. పక్క గదిలోకి వెళ్లి సలహా అడుగుదామంటే అక్కడ కాంపౌండరు తప్ప ఎవరూ ఉండరు. అన్ని జబ్బులూ ఒకే గుమ్మం ఎక్కి వస్తున్నప్పుడు, వాటన్నిటి గురించీ చెప్పే పత్రిక అవసరం పెద్దాస్పత్రి వాళ్లకంటే మనకే ఎక్కువ.

కొత్త మందుల కబురు కోసం జర్నల్ అవసరమని మీరనుకుంటే, ఆ పని మెడికల్ రిప్రజెంటేటివ్‌లు వారం వారం చేస్తూనే ఉన్నారు. ఏది మానెయ్యాలో చెప్పేవాళ్లే మనకు లేరు. అమ్ముకునేది ఏమీ లేనివాళ్లే ఆ మాట చెప్పగలరు. నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇంతే. మిగతాదంతా దానికి రుజువు.

మన ప్రాంతపు డాక్టరును నిద్రలో లేపి అడిగినా చెప్పగల ఎమర్జెన్సీ ఒకటుంది. 'పురుగుమందు తాగాడండీ' అంటూ ఆటోలోంచి దించుతారు. నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట, గుండుసూది మొనంత కంటిపాపలు, ఛాతీ నిండా గరగర. ఆర్గనోఫాస్ఫరస్ విషం. అట్రోపిన్ ఎక్కించాలి, తోడుగా 'పామ్' అని మనం పిలుచుకునే ప్రాలిడాక్సిమ్ పెట్టాలి అని కాలేజీలో నేర్చుకున్నాం. పామ్ ఖరీదు ఎక్కువ. స్టాకు లేకపోతే బంధువులను రాత్రికి రాత్రి గుంటూరు పంపించి తెప్పించిన సందర్భాలు ఇక్కడున్న అందరికీ గుర్తుండే ఉంటాయి.

2006లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసింది లండన్ వాళ్లు కారు. మహారాష్ట్రలోని బారామతి డాక్టర్లు. చెరకు తోటల నడుమ ఉన్న ఊరది. తెనాలి ఎలాంటిదో బారామతీ అలాంటిదే. వాళ్లు 200 మంది రోగులను చీటీలు వేసి పంచినట్టు రెండు జట్లుగా విడదీశారు. మొదటి 48 గంటలూ ఒక జట్టుకు పామ్‌ను నాలుగు గంటలకోసారి ఇచ్చారు, రెండో జట్టుకు గంటకు గ్రాము చొప్పున ఆపకుండా ఎక్కించారు. ఆపకుండా ఎక్కించినవారిలో నూటికి ఒకరు చనిపోయారు, విడతలుగా ఇచ్చినవారిలో నూటికి 8 మంది. ఒక తాలూకా ఊరి ఆస్పత్రి తన ఐసీయూలోంచి లోకానికి ఇచ్చిన సమాచారం ఇది. చదివినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

మూడేళ్లు గడిచాయి. 2009లో ప్లాస్ మెడిసిన్ అనే మరో జనరల్ జర్నల్‌లో శ్రీలంక ఫలితాలు వచ్చాయి. అక్కడ పామ్‌ను ఉత్త సెలైన్‌తో పోల్చారు. 235 మంది రోగులు. పామ్ వల్ల ప్రాణాలు నిలిచిన దాఖలా కనబడలేదు. పైగా పామ్ తీసుకున్న వైపే చావులు కొంత ఎక్కువ. ఆ తేడా కాకతాళీయం కావచ్చునని రచయితలే రాశారు, కాని మేలు జరిగిందని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఏం చేయాలి? ఒక వ్యాసమే చదివి ఊరుకున్న డాక్టరు ఒక వైపు వెళ్లిపోతాడు. రెండూ చదివినవాడు ఆగి ఆలోచిస్తాడు. పామ్ మోతాదు రెండు చోట్లా ఒకటి కాదు. తాగిన మందుల రకాలు ఒకటి కావు. రోగి ఎంతసేపటికి ఆస్పత్రికి చేరాడు, వెంటిలేటరు సిద్ధంగా ఉందా అన్నదీ ఒకటి కాదు. పామ్ విషయం తేలలేదు. తేలినది అట్రోపిన్ విషయం. 2012లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ నుంచి వచ్చిన పరీక్షలో, అట్రోపిన్ డోసును త్వరత్వరగా రెట్టింపు చేస్తూ పోయి తర్వాత డ్రిప్పులో పెట్టిన జట్టులో నూటికి 8 మంది చనిపోతే, పాత పద్ధతిలో నూటికి 22 మందికి పైగా పోయారు. రెట్టింపు చేయడమంటే ఏమిటో మంచం దగ్గర నిలబడి చూడాలి. ఐదు నిమిషాలకోసారి స్టెతస్కోపు పెట్టి గరగర తగ్గిందా అని వినాలి. నాడి 80 దాటిందా, బీపీ నిలబడిందా చూడాలి. చంకలో చెయ్యి పెట్టి తడి ఆరిందా చూడాలి. ఆరలేదంటే ముందు ఇచ్చినదానికి రెట్టింపు. దీనికి కావలసింది చవకైన మందు, గడియారం, మంచం వదలని మనిషి. ఈ మూడూ రేపల్లెలోనూ ఉన్నాయి. పామ్ కోసం మనిషిని గుంటూరు పంపి ఎదురుచూడడానికీ, ఆ గంటలో మంచం పక్కనే కూర్చుని అట్రోపిన్ సరిచేయడానికీ మధ్య ఒక ప్రాణం ఉంటుంది. ఆ తేడా మనకు ఏ టెక్స్ట్‌బుక్కూ వేళకు చెప్పలేదు. జర్నళ్లే చెప్పాయి, అదీ ఒకదాని మాట ఇంకొకటి సరిదిద్దుకుంటూ.

కోవిడ్ సంగతికి వస్తాను. అది తలచుకోవడం ఈ హాల్లో చాలామందికి కష్టమని నాకు తెలుసు. 2020 జూలైలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో బ్రిటన్ వారి 'రికవరీ' ఫలితాలు వచ్చాయి. డెక్సామెథసోన్, రోజుకు 6 మిల్లీగ్రాములు, 10 రోజుల వరకు. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26 నుంచి 23కి. మూడో వరుస కూడా ఉంది ఆ పట్టికలో. ఆక్సిజన్ అవసరం లేనివారిలో స్టెరాయిడ్ ఇవ్వనివైపు నూటికి 14 మంది చనిపోతే, ఇచ్చినవైపు దాదాపు 18 మంది. ఆ మూడో వరుస ఎంత ముఖ్యమో 2021 ఏప్రిల్, మే నెలల్లో తెలిసింది. రెండో రోజునే, ఆక్సిజన్ 98 ఉండగానే స్టెరాయిడ్ రాసిన చీటీలు వాట్సాప్‌లో ఊరూరా తిరిగాయి. ఎవరు రాశారో తెలియదు, ఎవరి కోసం రాశారో తెలియదు. షుగరు పేషెంట్లకు ఆ చీటీలు ఏం చేశాయో బ్లాక్ ఫంగస్ వార్డుల్లో చూశాం. చీటీ రాసిన మొదటి డాక్టరు కూడా బహుశా ఆ వ్యాసం గురించే విని ఉంటాడు. తలకట్టు చేరింది, మూడో వరుస చేరలేదు.

ప్లాస్మా కథ ఇంకా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ పరిశోధన మన దేశానిదే. ఐసీఎంఆర్ 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగుల మీద పరీక్షించి, ప్లాస్మా వల్ల ప్రయోజనం లేదని 2020 అక్టోబరులో బీఎంజేలో ప్రచురించింది. జాతీయ చికిత్సా సూచనల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే నెలలో. ఈ రెంటి మధ్య నెలల్లో మన జిల్లాలో ఎన్ని కుటుంబాలు దాతల కోసం ఫోన్లు చేసుకుంటూ, బ్లడ్ బ్యాంకుల ముందు నిలబడి, అప్పు చేసి ఆ సంచులు కొన్నాయో మీకు తెలుసు. ఆ వ్యాసం బీఎంజేలో ఉచితంగానే దొరికేది. ఎవరైనా ఒక్క డాక్టరు ప్రింటు తీసి రోగి కొడుకు చేతిలో పెట్టి, 'బాబూ, దీనికోసం పొలం తాకట్టు పెట్టొద్దు' అని చెప్పి ఉంటే అది గొప్ప వైద్యమని నేనంటాను.

క్షయ గురించి ఒక మాట. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది. క్షయ అంటే ఇల్లు వదిలి వెళ్లాలి, గాలి మారాలి, మంచం మీద నెలల తరబడి ఉండాలి అని నమ్మిన కాలం. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఆ నమ్మకాన్ని మార్చింది. ఇరుకిళ్లలో, చాలీచాలని తిండితో ఉంటూ మందులు వేసుకున్నవాళ్లు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లకు దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తేలింది. ప్రపంచమంతా శానిటోరియంలు మూతపడడానికి ఆ ఫలితం ఒక ముఖ్య కారణం. అయితే తిండి సంగతి అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. 2023లో లాన్సెట్‌లో జార్ఖండ్ నుంచి 'రేషన్స్' పరీక్ష ఫలితాలు వచ్చాయి. క్షయ రోగి ఇంట్లోవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. బియ్యం, పప్పు! అన్నపూర్ణ అనిపించుకున్న డెల్టాలో ప్రాక్టీసు చేస్తున్న మనం మందుల చీటీ కింద ఆ రెండు మాటలు రాయడానికి ఇంకే అనుమతి కావాలి? రోగితో వచ్చిన ఇల్లాలిని 'నువ్వేం తింటున్నావమ్మా' అని అడగడం మర్యాద కోసం అడిగే మాటగా మిగలకూడదు. అది ఆ ఇంటికి టీకాలాంటి ప్రశ్న అని ఆ వ్యాసం చదివాక నాకు అర్థమైంది.

బోదకాలు సంగతి తొందరగా చెప్పి ముందుకు వెళ్తాను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నాయకత్వం వహించిన లెడర్లే పరిశోధనశాల నుంచి 1947లో వచ్చిన మందు డీఈసీ. డెబ్బై ఏళ్ల తర్వాత, 2018లో, అదే మందును మరో రెండు మందులతో కలిపి ఒక్కసారి ఇస్తే రక్తంలోని ఫైలేరియా పిల్లపురుగులు ఏళ్లపాటు మళ్లీ కనబడడం లేదని పాపువా న్యూగినీ నుంచి న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో రాశారు. పాత మందు కొత్తగా ఎలా పనికొస్తుందో చెప్పడానికి ఏ కంపెనీ మనిషీ మన గుమ్మం ఎక్కడు.

ఇంతవరకు జర్నల్ మనకు చెప్పేది. జర్నల్ మన మాట కూడా వింటుంది. ఆ సంగతి మనం బొత్తిగా మరచిపోయాం.

1961 డిసెంబరులో లాన్సెట్‌లో సిడ్నీకి చెందిన మెక్‌బ్రైడ్ అనే కాన్పుల డాక్టరు రాసిన చిన్న ఉత్తరం పడింది. గర్భిణులు వేవిళ్లకు వాడుతున్న థాలిడోమైడ్ వల్ల పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుడుతున్నారనిపిస్తోంది, మీరెవరైనా చూశారా అన్నది దాని సారాంశం. జర్మనీలో లెంజ్ అనే పిల్లల డాక్టరు కూడా విడిగా అదే అనుమానానికి వచ్చి ఉన్నారు. తన కాన్పు గదిలో చూసింది కాగితం మీద పెట్టడమే ఆ ఉత్తరం చేసిన పని. ఇంగ్లండులో యార్క్‌షైర్ పల్లెల్లో ప్రాక్టీసు చేసిన విలియం పికిల్స్ కథ నాకు మరీ ఇష్టం. తన ఊళ్లలో కామెర్లు వ్యాపించినప్పుడు ఎవరు ఎవరిని ఏ రోజు కలిశారో రాసుకున్నాడు. కామెర్లతో మంచం మీదున్న ఒకమ్మాయి లేచి ఊరి వేడుకకు వెళ్లింది. అక్కడ కలిసినవాళ్లలో సుమారు నెల తర్వాత జబ్బు బయటపడింది. ఆ లెక్కతో ఆ రకం కామెర్లు బయటపడడానికి ఎంతకాలం పడుతుందో తేల్చి 1930లో బీఎంజేలో రాశాడు. అతని దగ్గర లాబొరేటరీ లేదు. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే కావడం, రాసుకునే అలవాటు ఉండడం, ఇవే అతని పరికరాలు. వేల్స్‌లో బొగ్గుగని పల్లె డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్‌లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా తలుస్తుంది: వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతోందని. అది చూడడానికి ఆయన ఓపీ గది దాటి ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది.

మన దగ్గర అలాంటి గదులు లేవా? సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అదే ఏడాది డిసెంబరులో అది బీఎంజేలో అచ్చయింది. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంకరపోతున్నాయని అప్పటి నెల్లూరు జిల్లా రోగులను చూసి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. మనకు పక్కనున్న నేలే అది. మద్రాసులో 1904లోనే డాక్టర్ యు. రామారావుగారు 'యాంటీసెప్టిక్' అనే మాసపత్రికను ప్రాక్టీసు చేసే డాక్టర్ల కోసం మొదలుపెట్టారు. చదవడం, రాయడం ఈ ప్రాంతపు డాక్టర్లకు కొత్త కాదు.

కట్లపాము సంగతి తీసుకోండి. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. కాటు గాయం కనబడదు. మింగుడు పడదు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి. చూసిన డాక్టరుకు ఒక్కసారే సరిపోతుంది, జీవితాంతం మరచిపోడు. చూడనివాడు గ్యాస్ నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తాడు. దేశంలో ఏటా సుమారు 46 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని ఇళ్లిళ్లూ తిరిగి చేసిన అధ్యయనం 2011లో అంచనా వేసింది. ఉత్తరప్రదేశ్ తర్వాత అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే ఎక్కువ వాటా, 5,200. బాపట్ల, రేపల్లె మండలాల్లో కట్లపాము కాటు ఏ నెలల్లో ఎక్కువ, ఏ వేళకు వస్తారు, మంచం మీద దోమతెర కట్టుకుని పడుకున్న ఇళ్లలో తక్కువా, ఇవి మన కేస్ షీట్లలో ఉన్నాయి. అవి చెదలు పట్టకముందే ఎవరో ఒకరు కూర్చుని తీయాలి.

జర్నళ్లు తప్పులు చేయవా అని మీరడుగుతారు. చేస్తాయి. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని 1998లో వేసుకున్న లాన్సెట్ 2010 దాకా పూర్తిగా వెనక్కు తీసుకోలేదు. పన్నెండేళ్లు! ఆ ఆలస్యాన్ని నేను సమర్థించను. కోవిడ్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద వేసిన వ్యాసాన్ని మాత్రం రెండు వారాల్లోనే ఉపసంహరించారు, ఇతర డాక్టర్లు అంకెలను నిలదీసినందుకు. తప్పు అచ్చయిన చోటే దిద్దుబాటు కూడా అచ్చవుతుంది. వాట్సాప్ చీటీకి ఆ గతి లేదు. ఇంకో హెచ్చరిక. డబ్బు కడితే ఏదైనా వేసే పత్రికలు మన గడ్డ మీదే బోలెడు పుట్టాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ రచయితలను తప్పుదోవ పట్టించిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. 'మీ అమూల్యమైన వ్యాసం పంపండి' అని రోజూ వచ్చే ఈమెయిళ్లను తీసిపారేయండి.

చివరగా అందుబాటు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పేరిట కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13 వేల పత్రికలను 2025 జనవరి నుంచి అందిస్తోంది. మంచి పని. కాని అది ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకే. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివే కుర్రవాడు ఆ పత్రికలు తెరవగలడు. వాడే చదువు ముగించి తెనాలిలో బోర్డు కట్టిన రోజున ఆ తలుపు మూసుకుంటుంది. రోగులు వాడి దగ్గరికి రావడం మొదలయ్యేది ఆ రోజు నుంచే. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరయిన ప్రతి డాక్టరుకూ ఈ పథకాన్ని వర్తింపజేయాలని మనం గట్టిగా అడగాలి. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బీఎంజే పరిశోధన వ్యాసాలు, ప్లాస్ మెడిసిన్, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్, ఎయిమ్స్ వారు 1988లో మొదలుపెట్టిన నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియా, ఇవన్నీ ఉచితమే.

తెనాలి, బాపట్ల, రేపల్లె డాక్టర్లకు నా మనవి ఒక్కటే. నెలకు ఒక ఆదివారం, వంతుల వారీగా ఒక్కో ఊళ్లో కలుద్దాం. మందుల కంపెనీ విందు వద్దు, టీ మనమే పెట్టుకుందాం. ఒకరు ఒక వ్యాసం పట్టికలతో సహా, అన్ని వరుసలూ చదివి వినిపించాలి. ఇంకొకరు తమ ఓపీలో చూసిన ఒక కేసు రాసుకుని రావాలి. రోగి అనుమతి తీసుకుని, పేరూ ఊరూ తీసేసి, అందరం కలిసి దిద్ది ఏదైనా మంచి పత్రికకు పంపుదాం. కట్లపాము కేస్ షీట్లతో మొదలుపెట్టవచ్చు. మొదటి నెల వ్యాసం ఎవరు చదువుతారో, కేసు ఎవరు తెస్తారో, ఈ సభ ముగిసి వెళ్లేలోగా గుమ్మం దగ్గర పెట్టిన పుస్తకంలో పేర్లు రాయండి. నా పేరు అందులో ముందే రాశాను.